పరదేశపు వంటకు మన ఇంటి పథ్యం

వైద్యుని వద్దకు రోగాలు మాత్రమే రావు, ఇంటి తగవులు కూడా వస్తాయి. వాటిలో చాలా భాగం వంటింట్లో పుట్టినవే. నేడు గృహాలలో తరచుగా వినవచ్చే తగవు ఒకటి ఉన్నది. పిల్లలు ఇటలీ వంట కావాలంటారు, మెక్సికో వంట కావాలంటారు. పెద్దలు “మన పప్పు, చారు ఏం పాపం చేశాయి?” అంటారు. నడుమ గృహిణి నలిగిపోతుంది. చివరకు ప్రశ్న వైద్యుని ముందుకు వస్తుంది: “పరదేశపు వంటలు మన ఒంటికి సరిపడతాయా, సరిపడవా?”

ఈ ప్రశ్నకు అవునని గాని కాదని గాని ఒక్కమాటలో సమాధానం చెప్పడం శాస్త్రసమ్మతం కాదు. ఏ ఆహారాన్ని ఏ విధంగా పరీక్షించాలో మన ఆచార్యులు చెప్పి ఉంచారు. ఆ పరీక్షను ప్రతి గృహిణి స్వయంగా చేసుకొనగలిగేటట్లు ఇక్కడ వివరిస్తాను.

ఒక కుటుంబం తెచ్చిన ప్రశ్న

కొంతకాలం క్రితం ఒక కుటుంబం నా వద్దకు వచ్చింది. బ్యాంకు ఉద్యోగం చేసే గృహస్థు, ఆయన ధర్మపత్ని, కళాశాలలో చదివే కుమార్తె, ఉన్నత పాఠశాలలో చదివే కుమారుడు, 72 ఏళ్ల నాయనమ్మ, మొత్తం ఐదుగురు. ప్రతి ఆదివారం ఏదో ఒక దేశపు సంప్రదాయ వంటకాన్ని ఇంట్లోనే వండుకోవడం వారి వేడుక. కుమార్తె ఆ దేశం గురించి చదివి చెప్పేది, కుమారుడు కూరగాయలు తరిగేవాడు. హోటలు తిండి తగ్గింది. ఇంతవరకు శుభమే.

ఆరు నెలలు గడిచేసరికి గృహస్థుకు గుండెల్లో మంట, పుల్లని త్రేనుపులు ఆరంభమయ్యాయి. పిల్లవానికి మలబద్ధకం. మధుమేహం, రక్తపోటు రెండూ ఉన్న పెద్దావిడ మనుమడి మనసు నొచ్చుకోకూడదని పెట్టినవన్నీ తిన్నారు. ఆమెకు చక్కెర, రక్తపోటు పెరిగాయి. సోమవారం ఉదయానికి పాదాలు వాచేవి. ఆపైన ఆమె మానుకొని, ఆదివారం పూట వంటింట్లో ఒక్కరే కూర్చుని చారన్నం తినసాగారు. “ఆరు రోజులు అత్తగారిని, ఏడవ రోజు చుట్టపుచూపుగా వచ్చినదాన్ని” అని ఆవిడ నాతో అన్న మాటలో కోపం లేదు, బాధ ఉన్నది. కోడలు “అత్తయ్యగారు తినలేని వంట మా ఇంట్లో వద్దండీ, మానేయమంటే మానేస్తాం” అన్నది. పిల్లల ముఖాలు చిన్నబోయాయి.

నేను మానమనలేదు. నాలుగు ఆదివారాలు ఏమి వండారో, ఎలా వండారో, ఎంత తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో కాగితంపై వ్రాసి తీసుకురమ్మన్నాను. అది చదివేసరికి విషయం తేటతెల్లమైంది. నలుగురికి 500 గ్రాముల పాస్తా పొట్లం ఒక్క పూటలో ఖాళీ అయింది. సీసా సాసులు ధారాళంగా పడ్డాయి. నాలుగు వారాలలో మూడు వారాలు భోజనం రాత్రి పది దాటాక జరిగింది. కనుక దోషం ఆ దేశాలది కాదు. వంటకం వచ్చింది గాని, దాని వెంట రావలసిన విధి రాలేదు.

చరకసంహిత ఎరిగిన దేశదేశాల భోజనం

పరదేశపు ఆహారం మన శాస్త్రానికి తెలియని విషయమని కొందరు భావిస్తారు. చరకసంహిత చికిత్సాస్థానం 30వ అధ్యాయంలో, దృఢబలుడు పూరించిన భాగంలో, ఏ దేశంవారికి ఏ ఆహారం అలవాటో వరుసగా చెప్పబడింది. బాహ్లీకులు, పహ్లవులు, చీనులు, యవనులు, శకులు మాంసానికి, గోధుమకు, ద్రాక్షమద్యానికి అలవాటుపడినవారు. తూర్పు దేశస్థులకు చేపలు, సింధుదేశీయులకు పాలు, దక్షిణాదివారికి పేయ, అనగా పలుచని జావ. అశ్మకదేశీయులకు నూనె, పులుపు. ఆ అశ్మకం నేటి నిజామాబాదు జిల్లా బోధన్ పరిసర ప్రాంతమని చరిత్రకారులు చెబుతారు. నూనె తేలే ఊరగాయను, చింతపండు పులుసును నేటికీ వదలని మనకు ఆ మాట వింతగా తోచదు.

చిరకాల అభ్యాసం వలన శరీరానికి ఒప్పిన ఆహారాన్ని ఓకసాత్మ్యం అంటారు. దానిని తెలుసుకొని వైద్యం చేయాలన్నదే అక్కడి తాత్పర్యం. ఒక దేశపు తిండి గొప్పది, మరొకటి తక్కువది అన్న మాట అక్కడ లేదు.

సాత్మ్యం ఒక్క రోజులో ఏర్పడదు, ఎన్నటికీ మారనిదీ కాదు. మన పోపులపెట్టెలోని ఎండుమిరపకాయనే చూడండి. మిరప, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జామ, బొప్పాయి, సపోటా ఇవన్నీ అమెరికా ఖండాలలో పుట్టినవి. 15వ శతాబ్దం చివర కొలంబసు యాత్రల తరువాతనే బయటి ప్రపంచానికి తెలిశాయి. చరక సుశ్రుతుల కాలంలో కారమంటే మిరియం, పిప్పలి, శొంఠి. నేడు మిరపకాయ లేని ఆవకాయను ఊహించగలమా? అట్లే మన గంజి కూడా దేశాలు దాటింది. ఆంగ్లేయులు చీనా జావను పిలిచే ‘కాంజీ’ అన్న పేరు తమిళ ‘కంజి’ నుండి పోర్చుగీసువారి ద్వారా వెళ్ళినదే. ఇచ్చిపుచ్చుకోవడం వంటింటికి కొత్త కాదు.

అయితే కొత్త ఆహారాన్ని అలవాటు చేసుకోవడానికి ఒక క్రమం ఉన్నది. పాత అలవాటును పావు వంతు తగ్గించి, ఆ మేరకు కొత్తదానిని చేర్చుకుంటూ నెమ్మదిగా ముందుకు సాగాలని చరకాచార్యులు చెప్పారు. కొత్త వంటకం మొదటిసారి వండిననాడు పళ్లెంలో అది పావు భాగమే ఉండాలి. తక్కిన మూడు పాళ్లు అలవాటైన భోజనమే కావాలి.

ఎనిమిది పరీక్షలు

చరకసంహిత విమానస్థానం ప్రథమాధ్యాయంలో ఆహార విషయమై ఎనిమిది అంశాలను పరిశీలించమన్నారు. గురుకులంలో మా గురువుగారు వీటిని వల్లె వేయించడంతో ఊరుకోక, విస్తరి ముందు కూర్చోబెట్టి ఒక్కొక్క పదార్థాన్ని చూపి అడిగేవారు. అదే పద్ధతిలో పరదేశపు వంటను పరీక్షిద్దాం.

1. ప్రకృతి: పదార్థం సహజ గుణం. మైదా, మీగడ, జున్ను వంటివి గురువులు, అనగా ఆలస్యంగా జీర్ణమయ్యేవి. పెసలు, మసూరిపప్పు లఘువులు. ఇటలీ వంట అనగానే జున్ను గుట్టలు గుర్తుకు వస్తాయి గాని, నేపుల్సు నగరంలో పుట్టిన మారినారా పిజ్జాలో జున్ను అసలు ఉండదు. పిండిని గంటల తరబడి పులియనిచ్చి, పైన టమాటా, వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఒరెగానో ఆకు వేసి కాలుస్తారు. ఆ ఆకు దొరకకపోతే మన పెరటి వామాకు సన్నగా తరిగి వేయండి. రెండింటి వాసనకు మూలమైన కార్వక్రాల్ అనే తైలాంశం ఒక్కటే.

2. కరణం: సంస్కారం, అనగా పదార్థాన్ని సిద్ధపరచే విధానం. అన్నిటికంటె ముఖ్యమైనది ఇదేనని నా అభిప్రాయం. దీనికి చరిత్రలో ఒక గొప్ప దృష్టాంతం ఉన్నది. మెక్సికో ప్రాంతీయులు వేల సంవత్సరాలుగా మొక్కజొన్న గింజలను సున్నం కలిపిన నీటిలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి, రుబ్బి రొట్టెలు చేసుకున్నారు. యూరపువారు మొక్కజొన్నను తీసుకువెళ్లారు గాని, ఆ సున్నపునీటి సంస్కారాన్ని తీసుకువెళ్లలేదు. ఫలితంగా, మొక్కజొన్నే ప్రధాన ఆహారమైన పేదలలో చర్మం మాడి పొక్కడం, విరేచనాలు, మతిభ్రమణం కలిగే వ్యాధి పుట్టింది. స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కాసల్ 1735లో దానిని గుర్తించాడు. ఇటలీలో దానికి పెలాగ్రా అన్న పేరు వచ్చింది. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో వేలాది మందిని బలిగొన్న ఈ వ్యాధి అంటురోగం కాదని, ఆహారలోపమని 1914 నుండి పరిశోధించి జోసెఫ్ గోల్డ్‌బర్గర్ నిరూపించాడు. లోపించినది నయాసిన్ అనే విటమిన్ అని 1937లో తేలింది. మొక్కజొన్నలో బంధింపబడి ఉన్న నయాసిన్‌ను విడిపించేది ఆ సున్నమే.

ఈ వ్యాధి మనకూ దూరం కాదు. జొన్నన్నమే ఆధారమైన తెలంగాణ పేదలలో పెలాగ్రా కనిపించేది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయానికి చెందిన డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా 1960లో దీనిపై పరిశోధన ప్రకటించారు. జొన్నలో లూసిన్ అనే అంశం అధికంగా ఉండటం ఒక కారణమని వారు ప్రతిపాదించారు. జొన్న చెడ్డది కాదు. జొన్నరొట్టె ప్రక్కన పప్పు, ఆకుకూర, మజ్జిగ ఉంటే అది దివ్యమైన ఆహారం. ఆ తోడు తొలగినపుడే చేటు.

మెక్సికో వంటలో విరివిగా వాడే రాజ్మా విషయంలోనూ సంస్కారం ప్రధానం. ఆ గింజలను ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో కుక్కరులో మెత్తగా ఉడికించాలి. సగం ఉడికినవి వాంతులు, విరేచనాలు కలిగిస్తాయి. ఉడికేటప్పుడు అల్లం, ఇంగువ చేర్చితే వాతం చేయదు.

3. సంయోగం: పదార్థాల కలయిక. పాలతో చేపలు కలపడాన్ని మన శాస్త్రం విరుద్ధాహారంగా నిషేధించింది. ఇటలీవారు కూడా సంప్రదాయంగా చేపల పాస్తాపై జున్ను చల్లరు. కాబట్టి చేపను పాలసాసులో గాక నిమ్మరసం, మిరియం, ఆలివ్ నూనెలతో వండండి. తేనెను వేడి చేయడం కూడా మనకు నిషిద్ధం. గ్రీసు, తుర్కీ మిఠాయిలకు చక్కెరపాకం వాడండి, లేదా పూర్తిగా చల్లారిన పిమ్మట తేనె చిలకరించండి. ఏడాది లోపు పసివారికి తేనె అసలే పెట్టరాదు.

4. రాశి: పరిమాణం. ఇటలీవారు ఒక మనిషికి సుమారు 80 గ్రాముల ఎండు పాస్తా ఉడికిస్తారు. అదీ భోజనంలో మొదటి భాగం మాత్రమే, తరువాత కూరగాయలో, మాంసమో, చేపో ఉంటుంది. జపాన్‌లోని ఒకినావా పెద్దలు పొట్ట పదింట ఎనిమిది పాళ్లు నిండగానే చేయి కడుగుకోవాలని చెబుతారు. మన వాగ్భటాచార్యులు ఉదరంలో రెండు పాళ్లు అన్నానికి, ఒక పాలు ద్రవానికి, ఒక పాలు వాయుసంచారానికి విడిచిపెట్టమన్నారు. రెండు మాటల సారం ఒక్కటే.

5. దేశం: మంచు కురిసే సీమలలో వెన్న, మాంసం దండిగా పడిన వంటకాలు అక్కడి చలికి, శ్రమకు తగినవి. విజయవాడ ఎండలో, కుర్చీలో కూర్చుని పనిచేసేవానికి అవి భారం. ఎండలు కాసే దేశాల వంటలు మనకు త్వరగా ఒప్పుతాయి. ఇథియోపియావారి ‘మిసిర్ వత్’ అనగా మసాలా వేసిన మసూరిపప్పే. దానిని వారు టెఫ్ అనే చిరుధాన్యపు పిండి పులియబెట్టి పోసిన ‘ఇంజెరా’ అట్టుతో తింటారు. మనం రాగిదోసెతో తినవచ్చు. కారం మాత్రం సగానికి తగ్గించాలి.

6. కాలం: ఋతువు, దినంలోని వేళ, రోగావస్థ. గురువైన వంటకం మధ్యాహ్నమే తినాలి, రాత్రి కాదు. పెరుగు రాత్రివేళ నిషిద్ధం. కొత్త వంటకాన్ని ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటలోపు వడ్డిస్తే సగం బాధలు పుట్టవు. పైన చెప్పిన గృహస్థుకు నేను ముందుగా చెప్పిన ఔషధం ఇదే.

7. ఉపయోగసంస్థ: భోజన నియమం. వేడిగా, మితంగా, తొందర లేకుండా, మాట్లాడుతూ నవ్వుతూ గాక మనసు పెట్టి తినమన్నారు పెద్దలు. 2010లో యునెస్కో ఫ్రెంచివారి భోజనాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించినపుడు ఏ ఒక్క వంటకాన్నీ ఎంచలేదు. శుభకార్యాలలో అందరూ కలిసి, వరుస తప్పక, తీరికగా భుజించే విధానాన్ని గుర్తించింది. టీవీ ముందు పళ్లెం పట్టుకొని తినేది ఏ దేశపు సంప్రదాయమూ కాదు. ఇంటి పెద్దను విడిగా కూర్చోబెట్టి తినేది అంతకన్నా కాదు. ఆ కుటుంబానికి నేను పెట్టిన మొదటి షరతు, ఐదుగురూ ఒకే పంక్తిలో కూర్చోవాలని. వండే ప్రతి వంటకంలో పెద్దావిడకు పథ్యమైన భాగం ఒకటి ఉండి తీరాలని.

8. ఉపయోక్త: తినే మనిషి. ఒకే వంటకం ఒకరికి అమృతం, మరొకరికి అపథ్యం. రక్తపోటు ఉన్నవారు చీనా, జపాన్ వంటల విషయంలో జాగ్రత్త వహించాలి. ఒక పెద్ద చెంచా సోయా సాసులో రెండు గ్రాములకు మించి ఉప్పు ఉంటుంది. రోజు మొత్తానికి ఐదు గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆ పెద్దావిడ పాదాల వాపుకు ఈ ఉప్పే ప్రధాన కారణమై ఉంటుందని నాకు తోచింది. మూత్రపిండాల పరీక్ష కూడా చేయించమన్నాను. ఆమె వాడే మాత్రలను ముట్టుకోలేదు. మధుమేహులు పాస్తా, అన్నం, రొట్టె పావు పళ్లేనికి మించనీయక, సగం పళ్లెం కూరగాయలతో నింపుకోవాలి. ఈజిప్టులో పెద్ద చిక్కుడు గింజలతో చేసే వడలు రుచికరమైనవి గాని, జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్నవారికి ఆ గింజలు ప్రమాదకరం, రక్తకణాలు చిట్లిపోతాయి. అట్టివారి ఇంట ఆ వడలు చేయనే వద్దు.

ఋతువును బట్టి మూడు వంటకాలు

గ్రీష్మంలో: స్పెయిన్ దక్షిణసీమలోని ‘గాస్పాచో’. పండిన టమాటాలు అరకిలో, ఒక కీరదోస, ఒక చిన్న ఉల్లిపాయ, ఒక వెల్లుల్లి రెబ్బ, ఒక పాత రొట్టెముక్క కలిపి రుబ్బి, రెండు చెంచాల ఆలివ్ నూనె, కొద్దిగా నిమ్మరసం, తగుమాత్రం ఉప్పు చేర్చాలి. పొయ్యితో పని లేదు. మంచుముక్కలు వేయవద్దు, కుండనీటి చల్లదనం చాలు. అమ్లపిత్తం ఉన్నవారు మానాలి.

వర్షఋతువులో: జపాన్‌వారు రోగులకు, వృద్ధులకు పెట్టే ‘ఒకాయు’ జావ. బియ్యానికి ఐదింతలు నీరు పోసి సన్నని మంటపై గంటసేపు ఉడికించాలి. అగ్ని మందగించినవారికి పదింతలు నీరు పోయండి. వారు పుల్లని ఊరపండు నంజుకుంటారు, మనకు చిన్న నిమ్మ ఊరగాయ ముక్క, అల్లం తురుము ఉన్నాయి. ఇది మన పేయకు తోబుట్టువు. మధుమేహులు కొద్దిగా మాత్రమే, పెసలు, కూరముక్కలు చేర్చి తీసుకోవాలి.

శీతకాలంలో: లెబనాన్, సిరియా ప్రాంతాల ‘ముజద్దరా’. పొట్టు తీయని మసూరిపప్పు ఒక గిన్నె, బియ్యం ఒక గిన్నె, జీలకర్ర ఒక చెంచా వేసి ఉడికించి, సన్నగా తరిగిన మూడు ఉల్లిపాయలను సన్నని మంటపై ఎర్రగా వేయించి కలపాలి. మన పులగం వంటిదే. మసూరి మలాన్ని బిగిస్తుంది గనుక మలబద్ధకం ఉన్నవారు పెసలతో చేసుకొని, ప్రక్కన ఆకుకూర పెట్టుకోవాలి. మధ్యాహ్నం పలుచని మజ్జిగతో ముగించాలి. ఆ ఇంటి పిల్లవానికి ఈ మార్పే చెప్పాను.

భోజనానికి ముందూ తరువాతా

- భోజనానికి పావుగంట ముందు పలుచని అల్లం ముక్కను చిటికెడు సైంధవ లవణంతో నమిలితే అగ్ని ప్రజ్వరిల్లుతుంది. రక్తపోటు ఉన్నవారు ఉప్పు మానాలి, కడుపులో పుండు ఉన్నవారు అల్లం మానాలి.

- జున్ను, మైదా తిన్న మధ్యాహ్నం వెన్న తీసిన పలుచని మజ్జిగలో వేయించిన జీలకర్ర పొడి కలిపి ఒక గ్లాసు తాగండి.

- పొట్ట ఉబ్బరించే స్వభావం ఉంటే మొదటి ముద్ద అన్నంలో నెయ్యి, అరచెంచా హింగ్వాష్టక చూర్ణం కలుపుకోవాలి. ఇందులో శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము, సైంధవ లవణం, జీలకర్ర, నల్లజీలకర్ర, ఇంగువ ఉంటాయి. అమ్లపిత్తం, రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడిగి వాడాలి.

- మరునాడు ఆకలి లేకపోతే బలవంతంగా తినరాదు. శొంఠి వేసి కాచిన నీరు తాగి, ఆకలి పుట్టాక పెసరకట్టు అన్నం తినాలి. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ తీసుకొనేవారు మాత్రం భోజనం మానరాదు.

గమనిక: సోయా, నువ్వులు, వేరుశనగ, రొయ్యలు కొందరికి పడవు. తిన్న వెంటనే పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పితో చెమటలు పట్టినా చిట్కాలతో కాలయాపన చేయక తక్షణం ఆసుపత్రికి వెళ్లాలి.

ఏ దేశమైనా తన అమ్మమ్మల నాటి వంటను ఊరకే నిలుపుకోలేదు. తమ నేలకు, గాలికి, పనికి, కడుపుకు తగినట్లు తరతరాలుగా దిద్దుకొని నిలుపుకున్నది. అటువంటి వంటకాన్ని మన ఇంటికి ఆహ్వానించేటపుడు దాని సంస్కారాన్ని, దాని తోడును, దాని కొలతను కూడా అడిగి తెచ్చుకోవాలి. అపుడది అతిథిగా వచ్చి ఆప్తబంధువై నిలుస్తుంది. వచ్చే ఆదివారం ఏ దేశపు వంట అయినా వండండి. ముందుగా ఈ ఎనిమిది ప్రశ్నలు వేసుకోండి, మధ్యాహ్నమే వడ్డించండి, ఇంటిల్లిపాది కలిసి భుజించండి.